బట్లరు తాత ఉత్తరాల పళ్లెం

మొన్న పోస్టుమేను కార్డు తెచ్చాడు. మా కోడలు గడప అవతలే నిలబడి చదివి, అక్కడే నాలుగు ముక్కలు చేసి, వీధి కాలవలో పడేసి వచ్చింది. దాని పుట్టింటి వైపు దూరపు చుట్టం ఎవరో పోయారట. చావు కబురు తెచ్చిన కాగితం గడప దాటి లోపలికి రాకూడదు, చదివినచోటే చింపెయ్యాలి, వెంటనే తల మీద నీళ్లు పోసుకోవాలి. మా వాళ్లందరిదీ అదే పద్ధతి. నాకు మా అమ్మ నేర్పింది, కోడలికి వాళ్లమ్మ నేర్పింది. అది చేసినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ ముక్కలు నీళ్లలో తిరుగుతూ పోతుంటే చూస్తూ నిలబడలేకపోయాను. లోపలికి వెళ్లి గూట్లో ఉన్న ఇత్తడి పళ్లెం తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. పొద్దున్న తుడిచిందే. అయినా తుడిచాను.

ఆ పళ్లెం బట్లరు తాతది. అరచేతి కంటే కాస్త పెద్దది, అంచు చుట్టూ తీగ చెక్కడం, ఒక పక్క సొట్ట. ఆయన పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మేమున్న మేడలో ఎవరికీ తెలియదు. దొరల బంగళాల్లో నలభై ఏళ్లు బట్లరుగా చేసి మానేసిన మనిషి కాబట్టి బట్లరు తాత, అంతే.

పెళ్లయిన రెండో ఏట నేను కళింగపట్నం రేవులో ఓడెక్కి రంగం వచ్చాను. రంగూన్‌ని మా వాళ్లంతా రంగం అనే అంటారు. మా ఆయనకు బియ్యం పడవల మీద పని. ఏటికి ఎదురు వెళ్లి వడ్లు ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి నెల దాటేది. లమ్మడా అనే పేటలో, రేవుకు రెండు వీధులివతల ఒక కొయ్య మేడ, దాని పై అంతస్తులో మా గది. ఒక గోడకు అటు మేము, ఇటు తాత. గోడంటే వెదురు తడకే. ఆయన రాత్రి పక్క మీద ఒత్తిగిలితే మాకు తెలిసేది.

నడిస్తే మాత్రం తెలిసేది కాదు. బట్లరు అడుగు వినపడితే దొరసానికి కోపం వచ్చేదట. ఆ అలవాటు కాళ్లలో ఉండిపోయింది. అందుకని ఎవరి గుమ్మం ముందుకొచ్చినా రెండుసార్లు దగ్గేవాడు. ఒకసారి దగ్గితే దగ్గు. రెండుసార్లు దగ్గితే తాత వచ్చినట్టు. ఎప్పుడూ అదే తెల్లకోటు. దానికి అయిదు గుండీలు, నాలుగు ఇత్తడివి, అయిదోది కొబ్బరి చిప్పతో చేసింది. ఆదివారం ఆదివారం ఆ నాలుగింటినీ చింతపండు పెట్టి తోమేవాడు. అయిదోదానికి ఒక్క చుక్క నూనె రాసి, బొటనవేలితో చాలాసేపు రుద్దేవాడు.

ఎవరైనా అన్నం తింటుంటే ఆయన కూర్చోలేడు. మేము మొదటిసారి భోజనానికి పిలిచినప్పుడు ఆయన విస్తరి అలాగే ఉండిపోయింది. మా ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, గ్లాసు ఖాళీ అవగానే నీళ్లు పోశాడు. మా ఆయన ఆ రోజు సరిగా మింగలేకపోయాడు పాపం. తర్వాత నుంచి తాత వాటా ముందే పళ్లెంలో పెట్టి తడక పక్కనుంచి అందించేదాన్ని.

మేడ మొత్తానికి టపా ఆయన చేతి మీదుగానే వచ్చేది. పోస్టుమేను మెట్లెక్కలేక కింద ఆయనకే ఇచ్చి పోయేవాడు. తాత చెయ్యి చాపడు, పళ్లెం చాపుతాడు. ఎవరి కార్డయినా సరే పళ్లెంలో పెట్టి పైకి తెచ్చి, గుమ్మం ముందు రెండుసార్లు దగ్గి, కొంచెం వంగి అందించేవాడు. కింద గదిలో ఉండే అప్ప ఆయన్ని ఏడిపించేది. అప్ప అంటే నా సొంత అక్క కాదు, మా ఊరి వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లాయన దలాలో ఓడలు బాగుచేసే పనికి రోజూ ఏరు దాటి వెళ్లేవాడు. మేడలో కాన్పులన్నీ అప్ప చేతి మీదే జరిగేవి.

"ఏటి తాతా, రెండు గీతల కార్డుకి పళ్లెమేటి? అరిసెలు తెస్తన్నావనుకుని నోరూరిపోనాది."

"ఉత్తరమంటే ఇంటికొచ్చిన మనిషే గదేటి. మనిషిని జుట్టట్టుకుని లోపలికి ఈడుస్తామా? కూకోబెట్టి తేవాల."

అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఆ పళ్లెం కనపడితే భయం. చదువు రాదు. మా ఆయన ఏటి మీద. పళ్లెం మెట్ల మలుపు తిరగగానే నా కళ్లు కాగితం మూలలకే పోయేవి. పసుపుందా, నలుపుందా, ఏమీ లేదా. తాత అది కనిపెట్టాడు. అప్పటినుంచి కింది మెట్టు మీదనుంచే "మంచిదేనమ్మా, మంచిదే" అనుకుంటూ ఎక్కేవాడు.

ఆయనకంటూ ఉత్తరాలు వచ్చే వయసు దాటిపోయింది. కానీ ఆయన దగ్గరున్నన్ని ఉత్తరాలు మేడలో ఎవరి దగ్గరా లేవు. బిస్కెట్ల రేకు డబ్బాలో ముప్పైయొక్కటి.

అవి ఎలా వచ్చాయో ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. తాత ఇరవై ఏళ్ల కుర్రవాడుగా ఉన్నప్పుడు, ఆయన పనిచేసే బంగళాకి ఒక రాజు వచ్చి దిగాడట. సముద్రం నడిమధ్యన హవాయి దీవులని ఉన్నాయట, వాటికి రాజు. లోకమంతా చూసి రావాలని బయల్దేరి, దారిలో రంగంలో ఆగాడు. "తెల్లోడు కాడమ్మా. మన రేవులో వలేసీవోళ్ల రంగే. అలాటి మనిషి వస్తే దొరలు లేచి నిలబడతన్నారు. నాకు కాళ్లాడలేదు" అనేవాడు తాత. ఆ రాజు వెంట కొలువు ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. రాజుగారి ఉత్తరాలు రాసేది ఆయనే. అందరూ బంగారు పగోడా చూడ్డానికి వెళితే ఆయన ఒళ్లు తెలియని జ్వరంతో బంగళాలో పడి ఉన్నాడు. దొరల మందు దిగలేదు. తాత గంజి కాచి, ఉప్పూ నిమ్మకాయా పిండి, చెంచాతో తాగించాడు. మూడు రోజులు విసనకర్ర దించలేదు. జ్వరం దిగాక ఆయన అడిగిన మొదటి మాట, మీ అమ్మ పేరేమిటని.

"అంతమంది దొరల దగ్గర సేసినాను. మా అమ్మకి పేరుంటదని ఎవులికీ తోసలేదు" అనేవాడు తాత.

వెళ్లిపోయేటప్పుడు ఆయన చెయ్యి కలపలేదట. వాళ్ల దేశపు పద్ధతిలో నుదురుకు నుదురు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చాడట. కోటు గుండీ ఒకటి తెంపి ఇచ్చాడు. అదే ఆ కొబ్బరి చిప్పది. ఇవ్వడానికి తాత దగ్గర ఏమీ లేక, పొద్దున్న ఆయన తిన్న మామిడిపండు టెంకె కడిగి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆరు నెలలకు ఉత్తరం వచ్చింది, టెంకె మొలిచిందని. తర్వాత పదిహేనేళ్లు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో. తాతకు ఇంగ్లీషు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. "నాలిక మీదుంది గాని కంట్లో లేదు" అనేవాడు. ప్రతి ఉత్తరాన్నీ బంగళా గుమాస్తా చేత మూడుసార్లు చదివించుకునేవాడు. మూడోసారికి కంఠతా వచ్చేది. ఇక ఎప్పుడు తీసినా కాగితం మీది మరకో, తపాలా బిళ్లో చూసి ఏ ఉత్తరమో గుర్తుపట్టి, మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా ఒక్క బిగిన అప్పజెప్పేవాడు. ఒకసారి కాగితం తలకిందులుగా పట్టుకుని చెబుతుంటే, అక్కడే ఉన్న పంతులుగారు దాన్ని మెల్లగా తిప్పి పెట్టారు. తాత ఆగలేదు. పంతులుగారంటే మా తెలుగువాళ్ల చర్చి బడిలో చదువు చెప్పేవారు, చాలా నెమ్మదస్తుడు.

ఆ ఉత్తరాల్లో రాజుగారు కట్టించిన మేడ ఉంది, ఆ మేడలో వెలిగిన కొత్త దీపాలున్నాయి. రాజు పోవడం ఉంది. ఆయన తర్వాత వచ్చిన రాణి రాజ్యం పోగొట్టుకుని, సొంత మేడలోనే పై గదిలో బందీగా కూర్చోవడం ఉంది. మామిడి చెట్టు మాత్రం అన్నిట్లోనూ ఉంది. ఆఖరి ఉత్తరంలో ఆయన, ఇక మీదట నా కాగితం పైన కిరీటం ముద్ర ఉండదు, చేతిరాత మాత్రం అదే, గుర్తుపట్టు అని రాశాడట. ఆ తర్వాత మరి రాలేదు.

రోజూ పొద్దున్న తాత వసారాలో నిలబడి, మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, అమ్మే బర్మా ఆవిడ కేక వినపడగానే ఏటి వైపు చూసి అనేవాడు, "అక్కడింకా నిన్నే" అని. ఆ దీవుల్లో పొద్దు మనకంటే అంత వెనకట. ఆ ఉద్యోగే రాశాడట ఒకసారి.

ఇదంతా నేను రంగం రావడానికి ముప్పై ఏళ్ల ముందటి సంగతి, నేను చూసింది కాదు. నేను చూసింది ఒక్క వానాకాలం.

ఆ ఏడు వానలకు ముందు తాతకు ఉత్తరం వచ్చింది. పైన పేరు లేదు, బంగళా బట్లరుకని ఉంటే అక్కడివాళ్లు ఇటు తిప్పి పంపారు. పళ్లెం పట్టుకుని మెట్లెక్కుతున్న మనిషి మధ్యలో ఆగిపోయాడు. బిళ్ల చూశాడు. పైకి రావడం మాని అటునుంచి అటే పంతులుగారి దగ్గరికి నడిచాడు, పళ్లెం అలాగే పట్టుకుని, వీధంతా చూస్తుండగా. రాసింది ఆ ఉద్యోగి కూతురు. నాన్నగారు పోయారు. ఇళ్లు మారడాల్లో కాగితాలన్నీ పోయాయి. ఆయన చేతిరాత ఇంట్లో ఒక్క గీత కూడా మిగల్లేదు. నేను పుట్టినప్పుడు ఆయన మీకు ఉత్తరం రాశారని అమ్మ చెప్పేది. అది ఇంకా మీ దగ్గరుంటే ఒక్కసారి చూడాలని ఉంది. అదీ సారాంశం.

తాత ఆ రోజే, ఒక్కటి కాదు, అన్నీ ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చెయ్యడం ఆయనకు కష్టం కాలేదు, పంపడమే కష్టమైంది. "పళ్లెం దిగని ఉత్తరాలు. సంచీలో ఏసి కట్టేస్తారు. మీద బస్తాలేస్తారు" అంటూ రోజుకొక భయం చెప్పేవాడు. ఓడ మునిగితే? తడిస్తే? అడ్రసు చెరిగితే? పెట్టెలో పెట్టాలా, గుడ్డలో చుట్టాలా? వారాలు గడిచాయి. వానలు మొదలయ్యాయి.

నా సంగతి కూడా చెప్పాలి. అప్పటికి ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నాను. మొదటివాడు ఊళ్లో, మూడో నెల. రెండోది ఈ రంగంలోనే, ఆ గదిలోనే, తొమ్మిదో రోజు. మూడోసారి ఏడో నెల నడుస్తోంది. మా ఆయన పడవ ఎక్కి వెళ్లి చాలా రోజులైంది. నేను ఊపిరి పీల్చడానికి కూడా జాగ్రత్తపడేదాన్ని. కడుపులో కదలిక ఉంటే ఎందుకు కదులుతోందని భయం, లేకపోతే ఎందుకు కదలడం లేదని భయం.

ఒక రోజు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. తాత డబ్బా తెచ్చి వసారాలో చాప వేసి ఉత్తరాలు ఆరబెట్టాడు. చెమ్మ తగిలిన బట్టలు తీసుకుని నేనూ వెళ్లాను. చాప మీద ముప్పైయొక్క ఉత్తరాలు. వాటిల్లో అయిదింటికి చుట్టూ వేలెడంత నల్ల అంచు.

చేతిలో బట్టలు కింద పడేశాను.

మూలన చుక్కంత నలుపుంటేనే మేము గడప తొక్కనివ్వం. ఇవి నాలుగు పక్కలా నలుపు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో. నా తలాపున, తడకవతల. అప్పకు చెబితే ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"సావు కాయితాలు ఇంట్లో ఎట్టుకుని పడుకుంటన్నాడా ముసిలోడు? నీ ముందు బిడ్డ ఆ తడక పక్కనే గదే పోనాది."

ఆ మాట అన్నాక నాకు అన్నం దిగలేదు. తాతను అడిగాను, అవి పారెయ్యమని. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత చాప మీద నన్ను కూర్చోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. రాజు పోతే వాళ్ల కొలువులో ఏడాది పాటు ప్రతి కాగితానికీ నల్ల అంచు ఉండాలట. ఏం రాసినా సరే, చెట్టు పూసిందని రాసినా సరే. అయిదింటిలో ఒక్కటే చావు కబురు, అదీ రాజుది. మిగతా నాలుగూ మామూలువే. అందులో ఒకటి తీసి చూపించాడు.

"ఇదే, కూతురు పుట్టిందని రాసింది. ఆ పిల్లే ఇప్పుడు అడగతన్నాది. పుట్టిన కబురమ్మా ఇది, సావు కబురు కాదు."

విన్నాను. తల ఊపాను. నమ్మలేదు. పుట్టిన కబురు నల్ల కాగితం మీద ఎవరు రాస్తారు? నాకు చదువొస్తే లోపల ఏముందో చూసేదాన్ని. రాదు గనక అంచే చూశాను. తాత నా ముఖం చూసి, ఆ సాయంత్రమే డబ్బాను తడక పక్కనుంచి తీసి గదిలో ఆ చివరి మూలకు మార్చాడు. అప్ప అది విని, మూల మారితే సావు మారుద్దేటి అంది.

మళ్లీ ముసురు పట్టింది. ఏడెనిమిది రోజులకు కాబోలు, పొద్దున్న లేచేసరికి కడుపులో కదలిక లేదు. ఎడమ పక్కకు పడుకున్నాను. బెల్లం నీళ్లు తాగాను. లేదు. అప్ప వచ్చి చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోవడంతోనే నాకు అర్థమైంది. ఆవిడ కిందికి వెళ్లిపోయింది. తాత గదిలో లేడు. ఉత్తరాలు చుట్టడానికి మైనపు గుడ్డ కొనాలని పబేడాన్ బజారుకు వెళ్లాడు. ఇక మర్నాటి ఓడకు పంపేద్దామని ముందురోజే తేల్చుకున్నాడు.

ఒక్క రోజు ఆగితే అవి వాటంతట అవే వెళ్లిపోయేవి. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క రోజే నా దగ్గర లేదనిపించింది.

తాత గదికి తాళం ఉండేది కాదు. డబ్బా తీశాను. నల్ల అంచువి అయిదూ ఏరాను. తెల్లవి ఇరవయ్యారూ ఎలా ఉన్నవి అలా సర్దాను, మూత పెట్టాను. మెట్లు దిగి వీధి గడప అవతల నిలబడి, పద్ధతి ప్రకారం ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు చేశాను. గట్టి కాగితం, చింపడానికి బలం కావలసి వచ్చింది. వాన నీరు కాలవలో పరుగెత్తుతోంది. ముక్కలు వేయగానే తీసుకుపోయింది. నూతి దగ్గరికి వెళ్లి, ఆ వానలోనే తల మీద నాలుగు చెంబులు పోసుకుని పైకొచ్చి, జుట్టు విరబోసుకుని కూర్చున్నాను.

రెండుసార్లు దగ్గు వినపడింది. తాత చంకలో మైనపు గుడ్డ చుట్ట. నా తల చూశాడు. వేళకాని వేళ తలస్నానం. చుట్ట కింద పెట్టేశాడు.

"ఎవులు పోనారమ్మా?"

పడవ మునిగిందని ఎవరో నోటి కబురు తెచ్చారనుకున్నాడు. నా పక్కన అక్కడే తడి నేల మీద కూర్చున్నాడు. నా జన్మలో ఆయన ఒకరి ముందు కూర్చోవడం చూడడం అదే మొదలు. నేను ఎవరూ పోలేదన్నాను. మళ్లీ అడిగాడు. నేను ఆయన గది వైపు చూశాను.

లేచి వెళ్లాడు. డబ్బా మూత చప్పుడు వినపడింది. కాగితాలు ఒక్కొక్కటీ వేలితో కదిపి లెక్కపెట్టడం తడకలోంచి వినపడింది. ఒకసారి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును అనిపించింది.

ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"అయితే నానూ పోసుకోవాల" అన్నాడు.

కోటు విప్పకుండానే మెట్లు దిగాడు. వసారా నుంచి చూశాను. నూతి గట్టు మీద నిలబడి, ఇత్తడి గుండీల తెల్లకోటుతో, తల మీద మూడు చెంబులు కుమ్మరించుకున్నాడు. వాన కూడా పడుతోంది. మా మేడలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం బిడ్డ కదిలింది.

చూసినావా అంది అప్ప. నాకు సంతోషించడానికి కూడా భయమేసింది. నిజంగా ఆ కాగితాల వల్లేనా? కాకపోతే నేనేం చేశాను? అయితే మాత్రం నేనేం చేశాను? రాత్రంతా తడక వైపు తిరిగి పడుకున్నాను. అవతల ఆయనా పడుకోలేదు.

తర్వాత పది రోజులు ఆయన గుమ్మం ముందు దగ్గలేదు. టపా పళ్లెంలో పెట్టి గడప పక్కన ఉంచి వెళ్లిపోయేవాడు. నేను తప్పయిపోయింది తాతా అని తడకలోంచి చెప్పాను. అటునుంచి "ఊఁ" అని వినపడింది. అంతకు మించి లేదు. పదకొండో రోజు ఆదివారం. రెండుసార్లు దగ్గు. ఆయన వెనకాల పంతులుగారు, చేతిలో కలం, కాగితాలు. వసారాలో చాప వేశారు. తాత నిలబడి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, చింపిన అయిదు ఉత్తరాలూ వరసగా చెప్పాడు. ఆ ఇంగ్లీషు తాతది కాదు, మరెవరో మాట్లాడుతున్నట్టుంది. పంతులుగారు రాస్తూ పోయారు. మూడో ఉత్తరం మధ్యలో ఆయన కలం ఆపి నా వైపు చూశారు.

"ఏటుందండీ అందులో?" అని అడిగాను.

"కూతురు పుట్టిందని ఉందమ్మా. ముందు ఇలా ఉంది. ఈ కాగితం అంచు చూసి భయపడకు. మా కొలువులో ఏడాది ఇలాగే రాయాలి. లోపల ఉన్నది మంచి కబురే అని."

మంచిదేనమ్మా, మంచిదే అనుకుంటూ మెట్లెక్కే తాత మాట ఎక్కడిదో అప్పుడు తెలిసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తెల్లవి ఇరవయ్యారు, పంతులుగారి చేతిరాతవి అయిదు. మైనపు గుడ్డలో కట్టారు. పైన రాసిన చీటీలో ఆ అయిదూ ఏమయ్యాయని రాయమంటారని పంతులుగారు అడిగారు. వానకి పోయాయని రాయమన్నాడు తాత. పంతులుగారికి అబద్ధం రాయడం ఇష్టం లేదు.

"నీళ్లలోనే గదా పోనాయి బాబూ. ఇందులో అబద్దమేటున్నాది" అన్నాడు తాత.

మా ఆయన క్షేమంగా వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజు నేను చచ్చి బతికాను. పదో రోజు వచ్చింది, పదకొండో రోజు వచ్చింది. పురుడు వెళ్లాక తాత కోటు గుండీలన్నీ పెట్టుకుని వచ్చి పిల్లను చేతుల్లోకి తీసుకున్నాడు. నుదురుకు నుదురు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చాడు. అప్ప, ఇదేటి పద్దతి అంది. ఆయన పిల్లను నా ఒళ్లో పెట్టాడు.

ఆ నెలలోనే నా ముందు ఇత్తడి పళ్లెం పెట్టి, అందులో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అ ఆలు దిద్దించాడు. పిల్లకు కదా తాతా అక్షరాభ్యాసం అంటే, "దానికింకా టైముంది. నువ్వు ముందు అంచు దాటి లోపలికి రా" అన్నాడు. ఒత్తులు నాకు ఇప్పటికీ సరిగా రావు. కార్డు చదువుకోగలను, కూడబలుక్కుని ఇలా రాసుకోగలను.

ఆర్నెల్లకు జవాబు వచ్చింది. పళ్లెం మెట్ల మలుపు తిరగగానే నేను అలవాటుగా అంచే చూశాను. తెల్లగా ఉంది. లోపల ఎండిన మామిడాకు ఒకటి. చేతిరాత లేనందుకు ఆవిడ నొచ్చుకోలేదు. అయిదు కాగితాలూ పైకి చదువుకున్నానని, వాటిలో మాటలు మా నాన్న మాటలేనని రాసింది. వాన మా దగ్గర కూడా చాలా కాగితాలు తినేసిందని కూడా రాసింది. ఆ మాట పంతులుగారు చదివినప్పుడు తాత నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

మూడో ఏట వానల్లోనే తాత పోయాడు. పొద్దున్న ఎంతసేపటికీ వసారాలోకి రాలేదు. మొహింగా ఆవిడ కేక వేసి వెళ్లిపోయింది. తడకవతల చప్పుడు లేదు. ఆయన నడకకు ఎప్పుడూ చప్పుడుండదు గాని, అది వేరే నిశ్శబ్దం. కోటు తొడిగే తీసుకెళ్లారు. అయిదు గుండీలూ దాంతోనే వెళ్లాయి. పళ్లెం మాత్రం నా దగ్గర మిగిలింది. ఆ దీవుల్లో ఇంకా నిన్నే. నిన్న ఆయన బాగానే ఉన్నాడు.

ఆయన తరఫున కబురు పంపవలసిన మనిషి లోకంలో ఆ ఉద్యోగి కూతురు ఒక్కతే. పంతులుగారిని పిలిచాను. ఇలా పోయారని రాయమన్నాను. రాశారు. ఇంకో మాట ఉందండీ అన్నాను. ఆ అయిదు ఉత్తరాలూ వానకి పోలేదు, నేనే చింపాను, చావు కాగితాలనుకుని చింపాను, నా కడుపులో బిడ్డ కోసం చింపాను, మీరు పుట్టిన కబురు చింపింది నేనే అని రాయమన్నాను. పంతులుగారు కలం పక్కన పెట్టారు. ఆ తాత దాచిన మాట మీరెందుకమ్మా ఇప్పుడు బయటపెట్టడం అన్నారు. రాయమన్నాను. రాశారు.

కాగితం ఆరాక నా ముందు పెట్టుకున్నాను. ఉత్త తెల్ల కాగితం మీద చావు కబురు వెళ్లడానికి మా పద్ధతి ఒప్పుకోదు, వాళ్లదీ ఒప్పుకోదు. పంతులుగారి దగ్గరున్న నల్ల సిరా ఆ ఉత్తరంతోనే అయిపోయింది. గూట్లోంచి మా పిల్ల కాటుక భరిణె తీశాను. పొద్దున్న దాని కళ్లకు పెట్టగా మిగిలిన కాటుక. వేలితో తీసి కాగితం నాలుగు పక్కలా రాశాను. వేలెడంత అంచు. పిల్ల పక్కనే కూర్చుని, తనకూ పెట్టమని ముఖం చాపింది.

పోస్టాఫీసుకు నేనే వెళ్లాను. ఉత్తరం పళ్లెంలో పెట్టుకుని, లమ్మడా వీధిలో అందరూ చూస్తుండగా నడిచాను. కిటికీ అవతల గుమాస్తా చెయ్యి చాపి, చేతికివ్వమ్మా అన్నాడు. నేను రెండుసార్లు దగ్గి, కొంచెం వంగి, పళ్లెం ముందుకు చాపాను. వెనకాల వరసలో వాళ్లు గొణిగారు. ఆయన నన్నూ, పళ్లేన్నీ మార్చి మార్చి చూశాడు. నేను పళ్లెం వెనక్కి తీయలేదు. ఆఖరికి ఆయన రెండు వేళ్లతో ఉత్తరాన్ని అందులోంచి మెల్లగా ఎత్తుకున్నాడు.